రేడియం చుట్ట

ముక్తేశ్వరం దాటి కాలవ గట్టెక్కాక
రోడ్డు సగమే రోడ్డు.
మిగతా సగం, కోతల కాలంలో, ధాన్యానిది.
పగలంతా ఆరబోసి, పొద్దుగూకగానే
కుప్పలకి నల్ల బరకాలు కప్పి
చుట్టూ రాళ్ళు పెట్టి ఇళ్ళకెళ్తారు.
రాయికి దీపముండదు.
బరకానిది చీకటి రంగే.

నాది ఐసు బండి.
రొయ్యల చెరువులకి రాత్రిపూట మోత.
ఐసు కరిగితే కిరాయి కరుగుతుంది,
అందుకని నా కాలెప్పుడూ
ఎక్సలేటరుకి అతుక్కునుండేది.
బస్సెదురొస్తే నేను మార్జిన్లోకి దిగేవాణ్ణి,
మోపెడొస్తే దాన్ని దింపేవాణ్ణి.
సైకిలంటారా, నా లెక్కలోనే లేదు.
బరువున్నోడిదే దారి,
గట్టుమీద చట్టం అంతే అనుకునేవాణ్ణి.

ఆ రాత్రి కోత మిషనెదురొచ్చింది
నాలుగు దీపాలేసుకుని, తీర్థంలో ప్రభలాగ.
దానికి రోడ్డంతా కావాలి, పైన ఇంకో జానెడు.
కళ్ళు బైర్లు కమ్మి
కుప్పకీ కుప్పకీ మధ్య సందులోకి తిప్పేశాను.
అక్కడ, రాళ్ళకీ కాలవకీ నడుమ మిగిలిన మూరెడు దారిలో
గెద్దాడ ఏసుపాదం.
కాయ దింపు ముగించుకుని పోతున్నాడు,
క్యారేజీకి కత్తీ మోకూ కట్టుకుని,
నోట్లో చుట్ట.
ఆయన బండికున్న దీపం ఆ నిప్పొక్కటే,
అదీ ముందువైపు.
నేనొచ్చింది వెనకనుంచి.

తగల్లేదు. ఒట్టు, తగల్లేదు.
గాలికే పడ్డాడు.
లేదా హారనుకి.
ఇప్పటికీ నాకు నేను అలాగే సర్దిచెప్పుకుంటాను.
నీళ్ళ చప్పుడు.
తర్వాత అది కూడా లేదు.

సెల్లు వెలుతుర్లో గట్టు దిగితే
నెత్తిన గుర్రపుడెక్క ఆకుల్తో
నడుంలోతున నిలబడి
మొండి మేకని లాగినట్టు సైకిల్ని లాగుతున్నాడు.
తిట్లకి సిద్ధంగానే ఉన్నాను.
"నీకేం తగల్లేదు గదరా అబ్బాయ్?" అన్నాడు.
ఆ తర్వాత తిట్టాడు, తీరుబడిగా,
చుట్ట తడిసిపోయినందుకు.
కోత మిషనువాడు ఆగలేదు.
వాడికి మేం కనపడి ఉండం.
పైనుంచి చూస్తే నాకూ ఎవరూ కనపడేవారు కాదు.

సైకిలు ఐసుమీదేసి ఇంటికాడ దింపడానికి
ఇరవైలో నడిపాను, మొదటిసారి.
ఇరవైలో నడిపితే ఆ గట్టుమీద ఎంతమంది!
ట్యూషన్నుంచి ఒకే సైకిలుమీద ముగ్గురు పిల్లలు,
వెనకదీపం లేని ట్రాక్టరు ట్రక్కు, దాన్ని మింగేసిన గడ్డివాము,
చేపల తట్టల్తో మోపెడుమీద పల్లాలమ్మ.
ఓ మలుపులో అయితే
బాతుల సింహాద్రి చెయ్యెత్తి నన్నాపి
మూడొందల బాతుల్ని రోడ్డు దాటించాడు.
వాటికి తొందర్లేదు.
ఐసు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది.

మర్నాడు అమలాపురంలో ఎర్ర రేడియం చుట్ట కొన్నాను.
ఏసుపాదం మడ్‌గార్డుకి ముందు అతికించాను.
"ఒక చుట్ట తడిపి ఇంకో చుట్ట తెచ్చావా" అని
పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు.
ట్రాక్టరు ట్రక్కుకి రెండు ముక్కలు,
సింహాద్రి కర్రకొకటి,
బరకాల చుట్టూ రాళ్ళకి తలా ఒకటి.
"కుప్పకి బొట్టు పెడతన్నావేంట్రా?" అంది
ధాన్యం నేర్పుతున్న వాకాడ సత్తెమ్మగారు.
వద్దని మాత్రం అనలేదు.

ఇప్పుడు చీకట్లో గట్టుని చదవగలను.
నేలబారున కదలకుండా ఉంటే ధాన్యం.
జంటగా ఊగుతుంటే గడ్డి ట్రాక్టరు.
గాల్లో అటూ ఇటూ తిరిగితే బాతులొస్తున్నాయి, ఆగాలి.
మోకాలెత్తున ఒంటరి చుక్క ఏసుపాదం,
దీపం డిమ్ము చేసి
వెనకాలే వెళ్తాను, దారి వెడల్పయ్యేదాకా.

మొన్న నా బండి దాటిపోతుంటే
వెనకనుంచి ఒకటే కేక ఆయన.
ఏమైందోనని ఆపాను.
నా వెనకదీపం ఆరిపోయి
మూడు రోజులయిందట.